'ఎన్' నొక్కి వదిలేయకండి

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ అప్‌గ్రేడ్ మధ్యలో కాన్ఫిగ్ ఫైల్ (ప్రోగ్రామ్ సెట్టింగ్‌లు ఉండే ఫైల్) గురించి, పాతది ఉంచాలా కొత్తది పెట్టాలా అని అడిగితే ఆలోచించకుండా 'ఎన్' నొక్కేయమని వ్యాసంలో రాశారు. దయచేసి అలా చెప్పకండి. ఫైల్‌ను మనమూ మార్చి, కొత్త ప్యాకేజీలోనూ అది మారినప్పుడే డెబియన్‌లో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఆగి అడుగుతుంది. ఒకవైపే మారితే అడగదు. కాబట్టి ఆ ప్రశ్న వచ్చిందంటే చూసుకోవాల్సింది ఉన్నట్టే. ముందు 'డి' నొక్కి తేడా చదవండి. 'ఎన్' అంటే మన ఫైలే ఉంటుంది, కొత్తది చివర 'డీపీకేజీ-డిస్ట్' తగిలించుకుని పక్కన పడి ఉంటుంది. అందులో భద్రత కోసం మార్చిన సెట్టింగ్ ఉంటే మన సర్వర్‌కు అందనే అందదు. నాకు అసలు టెన్షన్ అదే. ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఇదే పని చేసే ఆర్‌పీఎం ఆ ప్రశ్న కూడా వేయదు, చాలా ఫైళ్లకు కొత్తదాన్ని చివర 'ఆర్‌పీఎంన్యూ' తగిలించి పక్కన పెట్టి ఊరుకుంటుంది. దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కైతే మన మార్పులను 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డి' ఫోల్డర్‌లో విడి ఫైల్‌గా పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.