జకార్తా స్వర్ణానికి ఒక్క వాక్యమేనా?

భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు చరిత్ర మీద వ్యాసం బాగుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన వాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో తలపడి 1-2తో ఓడిన సంగతి, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, అన్నీ చెప్పారు. కానీ 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణాన్ని ఒక్క వాక్యంతో దాటేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఆ ఫైనల్ ఎలాంటి పరిస్థితిలో జరిగిందో చూడండి. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ తప్పుపట్టారని స్టేడియం అంతా మన జట్టు మీద మండిపడుతోంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందు మ్యాచ్‌లో తగిలిన గాయం, దానికి వేసిన కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ అతణ్ణి పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దింపారు! పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ మరో గోల్. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం.

హైదరాబాదుకు చెందిన రహీమ్ అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత మరో స్వర్ణం రాలేదు. దయచేసి రహీమ్ గురించి, సికింద్రాబాదు ఆటగాడు తులసీదాస్ బలరామ్ గురించి విడిగా ఒక వ్యాసం రాయండి.