డబ్బు మాటలు పిల్లల ముందే మాట్లాడాలి

ఇంట్లో డబ్బు ప్రస్తావన రాగానే పెద్దలు గొంతు తగ్గిస్తారు. అప్పు గురించో, జీతం చాలకపోవడం గురించో మాట్లాడుకుంటున్నప్పుడు పిల్లలు గదిలోకి వస్తే మాట మార్చేస్తారు. ‘చదువుకునే వయసులో నీకెందుకీ గొడవ’ అని బయటికి పంపేస్తారు. అది ప్రేమతో అన్న మాటే, కాదనను. కానీ ఆ ప్రేమ వల్ల పిల్లలకు జరుగుతున్న నష్టం చిన్నది కాదు. మనం నోరు విప్పనంత మాత్రాన పిల్లలు డబ్బు గురించి ఏమీ నేర్చుకోకుండా ఉండరు. ఇంకొకరి దగ్గర నేర్చుకుంటారు. ఆ ఇంకొకరు వాళ్ల చేతిలోని ఫోనులో ఇప్పటికే పాఠం మొదలుపెట్టేశారు.

ఆ పాఠం ఎలా సాగుతుందో చూడండి. ఆటలో ఒక వస్తువు కావాలి. దాని ధర మామూలు డబ్బులో ఉండదు, రత్నాల్లో ఉంటుంది. ఆ వస్తువు వెల 600 రత్నాలు అనుకుందాం. కొనడానికి దొరికేవి 500 రత్నాల మూట, 1,000 రత్నాల మూట. ఐదువందలు చాలవు కాబట్టి వెయ్యి కొనాలి. వస్తువు చేతికొచ్చాక 400 మిగులుతాయి. వాటితో ఏదైనా రావాలంటే ఇంకో మూట కొనాలి. అసలు డబ్బులో ఆ వస్తువుకు ఎంత పెట్టామో తెలియాలంటే కాగితం తీసుకుని భాగహారం చేయాలి. పదేళ్ల పిల్లవాడు ఆట మధ్యలో ఆ పని చేస్తాడా? చేయడన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

ఇది నా అనుమానం మాత్రమే అనుకోకండి. పెద్దలు ఒకసారి పాస్‌వర్డ్ కొడితే తర్వాత 15 నిమిషాల పాటు మళ్లీ అడగకుండానే ఆటల్లో కొనుగోళ్లు సాగిపోతున్నాయని, ఆ సంగతి పెద్దలకు చెప్పలేదని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆపిల్ సంస్థపై ఆరోపణ చేసింది. 2014లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సంస్థ కనీసం 3.25 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ వంతు వచ్చింది. బటన్ల అమరికతో ఆటగాళ్లను తికమకపెట్టి కొనిపించిందని, పెద్దల అనుమతి లేకుండానే పిల్లలు కొనే వీలు కల్పించిందని కమిషన్ అభియోగం. ఆ సంస్థ 24.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. లోపల ఏముందో తెలియకుండానే కొనాల్సిన ‘అదృష్టం పెట్టెలు’ ఆటల్లో అమ్మడం జూదం కిందికే వస్తుందని బెల్జియంలో జూదాన్ని నియంత్రించే గేమింగ్ కమిషన్ 2018లోనే తేల్చిచెప్పింది. కమిషన్లు తమ పని తాము చేయాలి, చేస్తున్నాయి. కానీ అవి కదిలేసరికి డబ్బు ఎప్పుడో పోయి ఉంటుంది, అలవాటు ఎప్పుడో పడిపోయి ఉంటుంది.

పైగా డబ్బు ఇప్పుడు కంటికి కనిపించడం లేదు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు చేతికి తెలిసే బరువు, మిగిలిన చిల్లర తీసుకునేటప్పుడు తెలిసే తరుగు, రెండూ పోయాయి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ చేసిన ప్రయోగం 2001లో ప్రచురితమైంది. బిజినెస్ మేనేజ్‌మెంట్ చదువుతున్న విద్యార్థుల చేత బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకు వేలం పాడించారు. నగదు కట్టాలన్నవారి పాట కంటే కార్డుతో కట్టవచ్చన్నవారి పాట దాదాపు రెట్టింపు పలికింది. టికెట్టు అదే, మ్యాచ్ అదే. వ్యాపారమే చదువుగా ఎంచుకున్న పెద్దవాళ్లే అంత తేలిగ్గా చేయి జారితే, తెర మీద వేలు ఆనిస్తే వస్తువు వచ్చేస్తుందని మాత్రమే చూసిన పిల్లలను ఏమనగలం?

అందుకే పిల్లల చేతికి డబ్బు ఇవ్వాలంటాను. ఎంత చిన్న మొత్తమైనా సరే, దాన్ని పూర్తిగా వాళ్లకే వదిలేయాలి. ఒక నిర్ణీత రోజున ఇవ్వాలి, అయిపోతే మళ్లీ ఆ రోజు వచ్చేదాకా ఇవ్వకూడదు. కష్టమంతా ఈ చివరి షరతులోనే ఉంది. పాప వారానికిచ్చిన డబ్బు రెండో రోజే పనికిరాని బొమ్మకు తగలేసి, ఐదో రోజు ముఖం వేలాడేసుకుని వస్తుంది. మన చేయి జేబు వైపు పోతుంది. పోనివ్వకూడదు. మిగిలిన ఆ రోజుల్లో ఆమె నేర్చుకునేది ఏ పుస్తకమూ నేర్పదు. ఎనిమిదేళ్ల వయసులో ఈ తప్పుకు మూల్యం ఒక బొమ్మ. ముప్పై ఏళ్ల వయసులో అదే తప్పుకు ఇల్లు తాకట్టు పడుతుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. డబ్బు ధ్యాస పట్టుకుంటే పసితనం పోతుందని, పిల్లలు స్వార్థపరులవుతారని మొదటిది. డబ్బులేమి ఉన్న ఇంట్లో పిల్లలకు ఆ ధ్యాస ఎలాగూ తప్పదు. వాళ్లు గుసగుసలు విని, సగం అర్థం చేసుకుని, మిగతా సగం భయంతో నింపుకుంటారు. రెండోది బలమైనదే: ఆర్థిక పాఠాలు చెప్పినా ఫలితం లేదన్న వాదన. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటమేయర్ అనే పరిశోధకులు అంతకు ముందు వచ్చిన 201 అధ్యయనాలను కలిపి చూసి, ఎన్ని గంటలు బోధించినా 20 నెలలు దాటేసరికి ప్రవర్తనలో దాని జాడ దాదాపు ఉండదని తేల్చారు. నిజమే కావచ్చు. ఒడ్డున కూర్చోబెట్టి చెప్పిన ఈత ఎన్నాళ్లు గుర్తుంటుంది? నేను అడుగుతున్నది తరగతిలో మరో పాఠ్యపుస్తకం కాదు.

వడ్డీ సంగతే తీసుకోండి. చక్రవడ్డీ సూత్రం బడిలో అందరూ బట్టీ పట్టినవారే. అయినా కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి ఊపిరి పీల్చుకునేవాళ్లలో ఆ సూత్రానికి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు. పిల్లవాడికి ఒక నోటుబుక్కు ఇచ్చి, నూటికి నెలకు మూడు వడ్డీ చొప్పున అప్పు ఎలా పెరుగుతుందో నెలనెలా తన చేత్తోనే రాయమనండి. మొదటి నెల 103. రెండో నెల 106 అని రాయబోయి ఆగుతాడు, 106.09 వస్తుంది. ఆ తొమ్మిది పైసలు ఎక్కడివని అడుగుతాడు. మూడు మీద మూడు శాతం అని చెప్పండి. చిన్న మొత్తమే కదా అనుకుంటాడు. రాస్తూ పోనివ్వండి. ఇరవైనాలుగో నెలకు 203 దాటుతుంది. అరవయ్యో నెలకు 589. అప్పు తీసుకున్నది వందే! తన చేతిరాతలో ఆ అంకె కనిపించినప్పుడు కలిగే విస్మయం మామూలుది కాదు. ఇదే లెక్క పొదుపు వైపు తిప్పితే అదే విస్మయం ఆశగా మారుతుంది.

ఓపిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పొదుపు అంటే ఓపికేనని అందరూ అంటారు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ బృందం 1960ల చివర మొదలుపెట్టిన మిఠాయి ప్రయోగం ప్రసిద్ధం: ఇప్పుడే తింటే ఒకటి, ఆగితే రెండు. ఆగగలిగిన పిల్లలే తర్వాత జీవితంలో రాణిస్తారని దశాబ్దాల పాటు చెప్పుకున్నాం. 2018లో మరింత మంది పిల్లలతో పరిశీలిస్తే, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం బాగా బలహీనపడింది. నన్ను కదిలించింది మాత్రం 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన చిన్న అధ్యయనం. మిఠాయి పరీక్షకు ముందు పిల్లలకు మంచి రంగులు, మంచి స్టిక్కర్లు తెచ్చిస్తామని పెద్దలు మాటిచ్చారు. సగం మందికి తెచ్చిచ్చారు, మిగతా సగానికి ‘లేవు, ఏమనుకోకు’ అన్నారు. మాట నిలబడిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినచోట పిల్లలు మూడు నిమిషాలే ఆగారు. పెద్దల మాట నమ్మదగింది కానప్పుడు చేతిలో ఉన్నది తినేయడమే తెలివైన పని. పండక్కి వచ్చిన డబ్బు ‘దాచిపెడతాను ఇవ్వు’ అని తీసుకుని తిరిగి చూపించని పెద్దలు పిల్లలకు నేర్పుతున్నది సరిగ్గా ఇదే. దాచమని చెప్పే ముందు, దాచింది దాచినట్టే ఉంటుందని వాళ్లకు రుజువు కావాలి.

అసలు ఇంట్లో డబ్బు లెక్క ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో గమనిస్తే ఇది పిల్లల పెంపకానికి మాత్రమే సంబంధించిన విషయం కాదని అర్థమవుతుంది. లెక్క తెలిసినవారి మాట చెల్లుతుంది. తెలియనివారు చేయి చాచాలి. ఇంగ్లండులో 1870లో చట్టం వచ్చేదాకా భార్య సంపాదన భర్త సొత్తే. ఫ్రాన్స్‌లో 1965లో చట్టం మారేదాకా పెళ్లైన స్త్రీ భర్త అనుమతి లేకుండా తన పేరిట బ్యాంకు ఖాతా తెరవలేకపోయింది. అప్పు ఇవ్వడంలో స్త్రీ అన్న కారణంగా వివక్ష చూపకూడదని అమెరికా చట్టం చేసింది 1974లో. ఆ ఆంక్షలు కాగితం మీద పోయాయి. ఇళ్లలో మాత్రం ‘అవన్నీ నాన్న చూసుకుంటారు’ అన్న మాట పోలేదు. కొడుకును బ్యాంకుకు తోడు తీసుకెళ్లి, కూతురికి ఖాతా సంగతి చెప్పకపోవడం ఇప్పటికీ ఎవరికీ వింతగా తోచదు. సంపాదించే స్త్రీలు కూడా తమ సంతకం దేని మీద పడుతోందో చదవకుండా పెట్టడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. హింస భరిస్తూ ఇంట్లోనే ఉండిపోయిన ఎందరో స్త్రీలకు కాలు కదపనివ్వనిది ఈ అజ్ఞానమే. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లకు ఎవరూ లెక్క చూపించలేదు.

పెద్దయ్యాక తనే నేర్చుకుంటుందిలే అంటారు. పలు దేశాల్లో పదిహేనేళ్ల విద్యార్థులకు పెట్టే పీసా పరీక్షలో 2022లో ఆర్థిక పరిజ్ఞానం కొలిచినప్పుడు, పాల్గొన్న ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల్లో సగటున 18 శాతం మంది పదిహేనేళ్ల పిల్లలు కనీస స్థాయిని కూడా అందుకోలేదు. సాదాసీదా బడ్జెట్ విలువను గుర్తించడం వంటి పనులు ఆ స్థాయిలోకి వస్తాయి. చాలా దేశాల్లో మరో మూడేళ్లకే వాళ్ల సంతకానికి చట్టంలో విలువ వస్తుంది. చదువు అప్పు, కార్డు, ఉద్యోగ ఒప్పందం, బీమా, అన్నీ ఆ వెంటనే వరుస కడతాయి. ఆ కాగితాల ముందు కూర్చునేనాటికి అమ్మాయికైనా అబ్బాయికైనా వడ్డీ ఎంత, గడువు ఎంత, కట్టకపోతే ఏమవుతుంది అని అడిగే అలవాటు పడాలంటే, ఏడెనిమిదేళ్ల వయసులోనే ఇంటి లెక్కల దగ్గర వాళ్లకు చోటివ్వాలి.