తోతాపురి దౌత్యం: కోటి రూపాయల సాయానికి పద్దు

పేద దేశాలకు సాంకేతిక సాయం చేసే పుణ్యమంతా వాషింగ్టన్, టోక్యోలకేనా? చిత్తూరు జిల్లాకేం తక్కువ? తోతాపురి గుజ్జు తీయడంలో మన చెయ్యి తిరిగినంతగా ఇంకెవరి చెయ్యి తిరిగింది? కాబట్టి మామిడి కాసే ఆఫ్రికా దేశాన్నొకదాన్ని చూసుకుని కోటి రూపాయల సాయం ప్రకటించాలని నా ప్రతిపాదన. సభ దామలచెరువు మామిడి మండీలో పెట్టుకోవచ్చు.

ముందుగా, డబ్బు చేతికివ్వకూడదు. ఇస్తే వాళ్లకు కావలసింది వాళ్లే కొనుక్కునే ప్రమాదముంది. పరిజ్ఞానమే పంపాలి. 1949లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రమాణస్వీకార ప్రసంగంలో నాలుగో అంశంగా చూపిన తోవ ఇదే. పరిజ్ఞానం ఎలాగూ ఒంటరిగా పోదు, కన్సల్టెంటును వెంటబెట్టుకునే పోతుంది.

ఆ కన్సల్టెంటును టెండరే తేలుస్తుంది. ఇలాంటి ప్రాజెక్టులు మూడు చేసుండాలి, మూడేళ్ల ఆడిట్ లెక్కలుండాలి, సాంకేతిక ప్రతిపాదనకు 80 మార్కులు, ధరకు 20. ముప్పై ఏళ్లుగా గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు నడిపిన మేస్త్రీ ఈ మొదటి జల్లెడలోనే రాలిపోతాడు. ఆయన బయోడేటా నిర్ణీత నమూనాలో లేదు.

ఇక పద్దు. కన్సల్టెంటు ఫీజులు 46 లక్షలు. విమానం, హోటలు, రోజు బత్తా 19. ప్రధాన కార్యాలయం ఓవర్‌హెడ్, అంటే ఆఫీసు నడుపుకునే ఖర్చు, 12. మధ్యంతర సమీక్ష, తుది మదింపు 9. సభలు, శిక్షణలు, సంచీలు, పెన్నులు 8. గుజ్జు తీసే యంత్రానికి మిగిలింది 6 లక్షలు, అదీ మన దగ్గరే కొనాలి. హుండీలో వేసే కానుకకు దారం కట్టి వెనక్కి లాగినట్టుందని ఎవరైనా అనొచ్చు. నోరు మూయించడానికి దాఖలా ఉంది. అత్యంత వెనుకబడిన దేశాలకిచ్చే సాయానికి 'మా దగ్గరే కొనాలి' అనే ముడి విప్పాలని 2001లో దాత దేశాల కమిటీ సిఫార్సు చేసింది. విడిగా ఇచ్చే సాంకేతిక సహకారాన్ని మాత్రం అందులోంచి తప్పించింది.

క్యాలెండరు దగ్గర కొంచెం జాగ్రత్త. ఏప్రిల్లో బడ్జెట్, జూన్‌లో మార్గదర్శకాలు, సెప్టెంబరులో టెండరు, డిసెంబరులో ఒప్పందం, జనవరిలో ఇన్‌సెప్షన్ రిపోర్టు (పని ఎలా మొదలుపెడతామో చెప్పే నివేదిక), ఆపైన వీసా. భూమధ్యరేఖకు దిగువన మామిడి కాపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మనవాడు మార్చిలో దిగేసరికి చెట్టు మీద ఆకులే ఉంటాయి. ఫరవాలేదు, జూన్‌లో తీసిన మన బంగారుపాళెం ఫొటోలు చూపిస్తే సరి. డబ్బు ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మార్చి 31లోపు వచ్చేయాలి, అంతే.

ఆ గుజ్జు యంత్రానికి, అదే పల్పరుకు, త్రీ ఫేజ్ కరెంటు కావాలి. దాన్ని పెట్టే ఊళ్లో సింగిల్ ఫేజే. జనరేటరుకు పద్దు లేదు. ఎలాగో నడిపినా, జల్లెడ చిరిగితే కొత్తది ఇక్కణ్ణుంచే పోవాలి. నిర్వహణ ఖర్చు గ్రహీత దేశానిదని ఒప్పందంలో ముందే రాసుకున్నాం. పైగా ప్రాజెక్టు రికార్డులో గుజ్జు కిలోలకు గడి లేదు. 'శిక్షణ పొందినవారు' అని ఒక గడుంది, అక్కడ 120 సంతకాలు కావాలి. సంతకాలకు కొదవుండదు, ఎందుకంటే బత్తా ఉంది. వచ్చేదీ ఆ దేశపు వ్యవసాయ శాఖ అధికారులే. వాళ్లలో చురుకైన ఇద్దరిని రెట్టింపు జీతమిచ్చి మన ప్రాజెక్టు ఆఫీసులోకే తీసుకుంటాం. అక్కడి శాఖ సామర్థ్యం పెంచడమంటే అదే.

ఇతర దేశాలకు సాంకేతిక సాయం చేయడానికి 1964లో మొదలైన మన భారత ప్రభుత్వ ఐటెక్ పథకం సంగతేమిటని అడుగుతారు. టికెట్టు, ఫీజు, వసతి భరించి విదేశీ శిక్షణార్థుల్ని ఇక్కడికే రప్పిస్తుంది. డబ్బులో చాలా భాగం ఆ పథకంలోనూ మన దేశం దాటదు గానీ, వచ్చినవాడు ఏదో ఒకటి నేర్చుకుని పోతాడు. ఆ లెక్కన మనం సాయం చేసే దేశపు మెకానిక్కులిద్దరిని జూన్‌లో పిలిపించి, ఒక సీజనంతా మన ఫ్యాక్టరీలో మేస్త్రీ పక్కన నిలబెడితే కొద్ది లక్షల్లో పనైపోతుంది. అప్పుడు మిగతా డబ్బు ఏం చేయాలి? మిగిల్చిన శాఖకు వచ్చే ఏడు కోత పడుతుంది. అందుచేత ఆ సూచనను మధ్యంతర సమీక్షలో పరిశీలించవచ్చు; దానికెలాగూ పద్దు ఉంది.