ఆ ఇంజెక్షన్ మెసేజ్ నమ్మి పిల్లల మందు ఆపకండి

పొద్దున గుంటూరు స్కూలు బ్యాచ్ గ్రూపులో ఒకరు, మధ్యాహ్నం బెజవాడ నుంచి మా పిన్ని, రాత్రి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు. అందరిదీ ఒకటే మెసేజ్: "పుట్టుకతో ఎముకలు విరిగే పిల్లలకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్. మూడు నెలల్లో జన్యులోపం మాయం. జీన్ థెరపీ కూడా వచ్చేసింది. ఇక రాడ్లు, సెలైన్ మందులు ఆపేయండి. ప్యాకేజీ ఆరు లక్షలు. ఈ జబ్బు మేనరికం వల్లే వస్తుంది. బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచుకుంటే భయం లేదు. పాలరాయిలా ఎముక గట్టిపడే జబ్బు కూడా నయం." మా అక్క కూతురికి ఆ ఎముకలు విరిగే జబ్బే, ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా, ఉందని తెలిసి మంచి మనసుతోనే పంపుతున్నారు. అందుకే జవాబు అందరికీ కలిపి రాస్తున్నాను.

మేనరికం వల్లే అన్న మాట తప్పు. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి జన్యువు రెండు కాపీల్లో ఒక్కదానిలో లోపమే కారణం. అది తల్లిదండ్రులిద్దరిలో లేకపోయినా బిడ్డలో కొత్తగా రావచ్చు. మా అక్కాబావలది బయటి సంబంధమే. ఇక బొడ్డుతాడు రక్తం ఆ బిడ్డదే కాబట్టి అందులోనూ అదే లోపం ఉంటుంది.

స్టెమ్ సెల్స్‌తో, అంటే మూలకణాలతో, ప్రయత్నం జరగలేదని నేను అనను. 1999లో అమెరికాలో ముగ్గురు పిల్లలకు ఆ కణాలుండే ఎముక మజ్జ మార్పిడి చేసి ఫలితాలు ప్రకటించారు. ఎముకలో దాత కణాలు రెండు శాతం దాటలేదు. ఎదుగుదల కొంత పుంజుకుంది, తర్వాత మళ్ళీ మందగించింది. మరి లోపం మాయమైందని ఎలా రాస్తారు? జీన్ థెరపీకైతే అసలు చిక్కు వేరే ఉంది. ఎముకకు బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ మూడు పేటల తాడు లాంటిది. ఒక్క పేట చెడినా తాడంతా చెడుతుంది. మంచి జన్యువును అదనంగా చేరిస్తే చెడ్డ పేట తయారవడం ఆగదు, దాన్ని ఆపాలి లేదా సరిదిద్దాలి. పరిశోధనలు ఆ దారిలోనే నడుస్తున్నాయి. మన ఊళ్ళో ప్యాకేజీ పెట్టి అమ్మే దశకు ఏదీ రాలేదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది "రాడ్లు, సెలైన్ మందులు ఆపేయండి" అన్న ముక్క. మా పాపకు ఆరు నెలలకోసారి జోలెడ్రోనేట్ అనే ఎముక మందు సెలైన్‌లో ఎక్కిస్తారు. దాంతో విరగడం పూర్తిగా ఆగదు, కానీ ఎముక చిక్కబడుతుంది, వెన్నుపూసలు కుంగకుండా ఆసరా దొరుకుతుంది. ఎదిగే పిల్లలకు మందు మధ్యలో ఆపితే ఆ తర్వాత పెరిగే ఎముక పలచగా వస్తుంది. పాత గట్టి భాగం, కొత్త పలచ భాగం కలిసేచోట విరిగే ప్రమాదం ఉంటుంది. తొడ ఎముక వంగిపోతున్న బిడ్డకు ఎముక లోపల ఆసరాగా లోహపు రాడ్డు వేయకుండా ఇంజెక్షన్ కోసం ఎదురుచూస్తే ఏమవుతుంది? వంపు పెరుగుతుంది, మళ్ళీ విరుగుతుంది, మళ్ళీ కట్టు. కట్టులో కదలకుండా పడి ఉన్నకొద్దీ ఎముక ఇంకా బలహీనమవుతుంది. నడవగలిగే పిల్ల మంచం పడుతుంది. ఈ మెసేజ్ తయారుచేసినవాడు ఆ మంచం పక్కన ఒక్క రాత్రి కూర్చుంటాడా? ఎవరి బిడ్డ కాలు పణంగా పెట్టి ఆరు లక్షలు అడుగుతున్నాడు?

ఆ ఆరు లక్షలే వాళ్ళను పట్టిస్తున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం ఉన్న జబ్బులకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్పిస్తే స్టెమ్ సెల్స్‌ను రిజిస్టరైన క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే రోగులపై జరిపే పరిశోధనలోనే, వాడాలి. ట్రయల్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడుగుతున్నారంటే అది ట్రయల్ కాదు, చికిత్సగా అమ్మే అనుమతీ లేదు.

మెసేజ్‌లోని చివరి వాక్యంలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోవాల్సిందే. ఎముక రాయిలా బిగుసుకుపోయే ఆస్టియోపెట్రోసిస్ పసిపిల్లల్లో తీవ్రంగా వచ్చినప్పుడు, చాలా రకాల్లో ఎముక మజ్జ మార్పిడి నిజంగానే నయం చేయగలదు. పాత ఎముకను కరిగించే కణాలు రక్త మూలకణాల నుంచే పుడతాయి గనక. అక్కడ ఆలస్యమే శత్రువు. నరాలు నొక్కుకుని పోయిన చూపు తర్వాత మార్పిడి చేసినా తిరిగి రాదు. అలాంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఈ మెసేజ్‌లోని నంబరుకు ఫోన్ చేయకండి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, బిడ్డ రిపోర్టులు, ఎక్స్‌రేలు తీసుకుని ఈ వారమే వెళ్ళండి.