ముందు ఆ ఫోన్ ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో చూడండి

లైంగిక హింసకు గురైనవాళ్లకు థెరపీలో తోడుండే యాప్ చేస్తామని మన వైజాగ్‌లో కొందరు కుర్రాళ్లు ముందుకొచ్చారు. చాలా మంచి ఆలోచన. నేనూ డిజైన్ పనిలోనే ఉన్నానని తమ నమూనాలు నాకు పంపారు. చూశాక మనసు పాడైపోయింది. అన్నీ ఒకేలా మొదలవుతున్నాయి: పేరు, ఫోన్ నంబర్, ఓటీపీ, ఆ వెంటనే "మీకు ఏం జరిగింది?" అని ఒక పెద్ద ఖాళీ డబ్బా.

కేసు పెట్టిన అమ్మాయి ఆ మాట ఎంతమందికి చెప్పుకోవాలో తెలుసా? స్టేషన్‌లో, కేజీహెచ్ పెద్దాసుపత్రిలో డాక్టరుకి, మేజిస్ట్రేటుకి, లాయరుకి. కేసు పెట్టని అమ్మాయి ఇంతవరకూ ఎవరికీ చెప్పి ఉండదు. ఇద్దరికీ ఆ ప్రశ్న గండమే. మంచి థెరపిస్టులు కూడా జరిగిన సంగతితో మొదలుపెట్టరు. ముందు ఊపిరి నెమ్మదించడం, చుట్టూ కనిపించేవీ వినిపించేవీ ఒక్కొక్కటే గమనించడం నేర్పిస్తారు. ఆమె నిలదొక్కుకున్నాక, పక్కన తాము ఉండగా, ఆమె ఇష్టపడితేనే ఆ కథలోకి వెళతారు. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్న మనిషిని ఆ ప్రశ్న ఒక ఫోన్ ఎందుకు అడగాలి?

ఇక ఫోన్ సంగతి. గాజువాకలో రెండు గదుల పోర్షన్‌లో ఉండే ఇల్లు ఊహించుకోండి. తమ్ముడు ఆ ఫోన్‌లోనే గేమ్ ఆడతాడు, బాబాయి రీఛార్జ్ చేస్తాడు, ప్యాటర్న్ లాక్ ఇంట్లో అందరికీ తెలుసు. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. అంటే ఆ ఫోన్ తీసి చూసేది ఆ తప్పు చేసినవాడే కావచ్చు. అలాంటి ఫోన్‌లోకి ఓటీపీ మెసేజ్ పంపుతారా? లాక్ స్క్రీన్ మీద "ఈరోజు మీ మనసెలా ఉంది?" అని నోటిఫికేషన్ వేస్తారా?

లాగిన్ వద్దు. నోటిఫికేషన్ అసలే వద్దు. పేరూ ఐకానూ ఏ నోట్స్ యాప్‌లాగో ఉండాలి. ఒక్క నొక్కుతో మాయమవ్వాలి, ఈమధ్య తెరిచిన యాప్‌ల జాబితాలో దాని స్క్రీన్ కనిపించకూడదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి కాల్ కలిపే బటన్ పెడితే, ఆ నంబర్ కాల్ లిస్టులో పడుతుందని నొక్కకముందే చెప్పాలి. ఇన్ని రోజులు వరసగా వాడావంటూ లెక్కలు పెట్టకండి. ఒకరోజు తప్పితే, అప్పటికే తనను తాను తిట్టుకునే మనిషి ఇంకోసారి తిట్టుకుంటుంది.

డేటా భద్రంగా ఉంచుతామనే మాట నాకు చాలదు. బెటర్‌హెల్ప్ అనే అమెరికా ఆన్‌లైన్ థెరపీ కంపెనీ తన వాడకందారుల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్ లాంటివాటికి ఇచ్చిందన్న ఆరోపణపై, 2023లో 78 లక్షల డాలర్లు కట్టేందుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. మీ సర్వర్‌కి చేరని మాట ఒక్కటే బయటికి పొక్కదు. ఫోన్‌లోనే ఉంచండి, చెరిపేస్తే నిజంగా చెరిగిపోనివ్వండి.

అన్నిటికంటే కష్టమైనది పిల్లల విషయం. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ సర్వేలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు, వాళ్లలో సగానికి పైగా మగపిల్లలు. కాబట్టి గులాబీ రంగు వేసి "అక్కచెల్లెళ్ల కోసం" అని రాస్తే ఎంతమందికి తలుపు మూసినట్టో ఆలోచించండి. పైగా 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. తప్పు చేసింది తండ్రే అయితే? పిల్లలపై లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, విషయం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. "ఎవరికీ చెప్పం, ధైర్యంగా రాయి" అని ఆ బిడ్డకు మాటిస్తే అది అబద్ధం. నా ఉద్దేశంలో పిల్లల కోసం చాట్ పెట్టనే వద్దు. ఏ వివరమూ అడగని ఊరట వ్యాయామాలు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి దారి, అంతే.

కృత్రిమ మేధ చాట్‌బాట్‌ని కౌన్సెలర్‌లా కూర్చోబెట్టే ఆలోచన కూడా మానుకోండి. రాత్రిపూట తెలుగులో మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో మనుషులున్నారు. యాప్ అక్కడిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే చాలు. స్క్రీన్లు గీయకముందే హింసకు గురైన మహిళలకు సాయం చేసే కేజీహెచ్ వన్ స్టాప్ సెంటర్ కౌన్సెలర్లలాంటి వాళ్లను కలిసి, వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పేది వినండి. కేసు నడుస్తున్న అమ్మాయిల్ని మాత్రం మీ టెస్టింగ్‌కి పిలవకండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అడగడం లేదు. మీకు వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే ఈ యాప్‌ని ఎవరు చూసుకుంటారు? మూసేసేముందు ఆమెకు ఎన్ని నెలల ముందు చెబుతారు, ఎవరికి అప్పగిస్తారు? అది రాసుకున్నాకే ప్లే స్టోర్‌లో పెట్టండి.