దయచేసి మా మిస్టరీ జోలికి రాకండి

ఇది ఫిర్యాదు. ఎవరి మీదంటారా? చిలీ తీరానికి 3,500 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, పసిఫిక్ సముద్రం నట్టనడుమ, సుమారు 164 చదరపు కిలోమీటర్ల నేల మీద కాపురముంటున్న రపా నుయి వాళ్ళ మీద. లోకం ఆ నేలను ఈస్టర్ ద్వీపం అంటుంది. 1722లో సరిగ్గా ఈస్టర్ పండగనాడు యాకబ్ రొగవీన్ అనే డచ్చి నావికుడి కంటబడింది కనక ఆ పేరు. శూన్యమాసంలో కంటబడి ఉంటే ఏం పేరు పెట్టేవాడో. అక్కడ అప్పటికే మనుషులున్నారు, వాళ్ళ ఊరికి వాళ్ళు ఏదో పేరు పెట్టుకునే ఉంటారు అన్న ఆలోచన ఆ రోజుల్లో ఫ్యాషన్ కాదు.

వాళ్ళు చేసిన నేరం ముందే చెప్పేస్తాను. వాళ్ళు మన మిస్టరీని పాడుచేస్తున్నారు.

నేను మామూలు ప్రేక్షకుణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఆశ్చర్యపోవడానికి కేటాయించుకున్నవాణ్ణి. పప్పన్నం, మజ్జిగన్నం, ఆపైన ఒక ప్రాచీన రహస్యం. పిరమిడ్లు చూశాను, బెర్ముడా త్రికోణం చూశాను, తిరిగి తిరిగి మళ్ళీ ఈ ద్వీపానికే చేరతాను. దాదాపు వెయ్యి రాతి విగ్రహాలు! మోఆయ్ అంటారు వాటిని. పొడుగాటి ముక్కులు, బిగించిన పెదాలు. కట్నం మాట ఎత్తకుండా కాఫీలు మాత్రమే ఇచ్చిన ఇంట్లో కూర్చున్న మగపెళ్ళివారి ముఖాలు.

వీటి మీద డాక్యుమెంటరీ తీయడానికి ఒక సంప్రదాయం ఉంది. ఎవరూ దాటరు. ముందు సూర్యోదయం. వరసగా పదిహేను విగ్రహాలు, వాటి వెనకనుంచి ఎర్రగా పైకొచ్చే సూర్యుడు, ఆ మీదుగా డ్రోన్. అడవే లేని ద్వీపానికి ఎక్కణ్ణుంచి వచ్చాయో గానీ అడవి డప్పులు. అప్పుడు నూతిలోంచి మాట్లాడినట్టుండే ఒక గొంతు: “ఎవరు... వీళ్ళు? ఎలా... కదిపారు?” తెలుగు డబ్బింగులో ఈ నాలుగు మాటలకీ అర నిమిషం పడుతుంది. తరవాత పధ్నాలుగు జేబుల చొక్కా వేసుకున్న పెద్దమనిషి మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిని నిమిరి, దూరంగా చూస్తాడు. ఏం కనిపించిందో చెప్పేలోపు సబ్బు ప్రకటన.

ఇంత ఏర్పాటు చేసుకున్నాక, ఎవడో తెలివితక్కువగా పక్కనే నిలబడ్డ రపా నుయి మనిషి ముందు మైకు పెడతాడు. “ఈ విగ్రహాలు వాటిని చెక్కిన కొండ దగ్గర్నుంచి ఇక్కడికెలా వచ్చాయి?”

“నడిచాయి.”

అంతే. తాతలనాటి నుంచీ వాళ్ళు చెబుతున్నది ఇదే ముక్క. మనా అనే శక్తితో విగ్రహాలు నడిచి వచ్చాయని. వెంటనే వెనకనుంచి వేణువు వాయిస్తారు, ఇది జానపద గాథ సుమా అని మనకు తెలియడానికి. ఆ తరవాత శాస్త్రం మొదలవుతుంది. దుంగల మీద దొర్లించారా? చెక్క బండి కట్టి లాగారా? అసలు మనుషులేనా?

1955లో నార్వే నుంచి థార్ హెయర్‌డాల్ వచ్చాడు. అంతకుముందు బాల్సా దుంగల తెప్ప మీద పసిఫిక్ దాటి, ఆ సినిమాకి ఆస్కార్ కూడా అందుకున్న మహానుభావుడు. ఆయన సుమారు 180 మందిని పెట్టి ఒక విగ్రహాన్ని నేల మీద ఈడ్పించాడు. కదిలింది. పడిపోయిన ఇంకో విగ్రహాన్ని నిలబెట్టగలరా అంటే, ఊరి మేయరు పెద్రో అటాన్ తన మనుషులు పన్నెండు మందిని వెంటేసుకొచ్చి, కర్రలతో సందు చేసి, ఆ సందులో గులకరాళ్ళు దోపి, మళ్ళీ సందు చేసి, మళ్ళీ రాళ్ళు దోపి, పద్దెనిమిది రోజుల్లో నిట్టనిలువుగా నిలబెట్టేశాడు. ఇంత తెలిసినవాడివి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, నన్నెవరూ అడగలేదుగా అన్నాడట. హెయర్‌డాలే రాసుకున్నాడు ఈ సంగతి. చూశారా ఆ మేయరుగారి బాధ్యతారాహిత్యం? నోరు మూసుకుని ఉంటే ఇంకో పది సినిమాలకి సరిపోయే రహస్యం, గులకరాళ్ళకి ఖర్చు చేసేశాడు.

1986లో చెక్ దేశపు ఇంజినీరు ఒకాయన వచ్చాడు. పేరు పవెల్, ఇంటిపేరు కూడా పవెల్. ఎడమకోసారి, కుడికోసారి పిలవడానికి వీలుగా ఉంటుందని కాబోలు. నిలబడి ఉన్న విగ్రహానికే తాళ్ళు కట్టి, ఇటో లాగు అటో లాగు లాగిస్తూ కాస్త దూరం నడిపించాడు. 2011లో టెర్రీ హంట్, కార్ల్ లిపో అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇంకాస్త ముందుకెళ్ళి, హవాయిలో నాలుగు టన్నుల పైబడిన నకలు విగ్రహం చేయించి, మూడు తాళ్ళు కట్టి, పద్దెనిమిది మందితో నలభై నిమిషాల్లో వంద మీటర్లు నడిపించారు. దారిలో ఆగిపోయిన విగ్రహాల అడుగు కాస్త గుండ్రంగా, ఒళ్ళు ముందుకు వాలి ఉండటం దేనికో వాళ్ళకి అర్థమైంది. నడవడానికి.

నేను ఆ ప్రయోగం చూపించే కార్యక్రమం చూస్తుండగానే మా ఇంట్లో అనర్థం జరిగింది. గోడలకి సున్నం వేయిస్తూ, హాల్లో ఉన్న ఇనప బీరువాని పడగ్గదిలోకి మార్చడానికి మా ఆవిడ ఇద్దరు హమాలీలను పిలిపించింది. మా పెళ్ళినాటి బీరువా అది, 1989లో సారెతో వచ్చింది. తెరమీద గొంతు ఇంకా “ఎలా... కదిపారు?” దగ్గరే ఉంది. హమాలీల్లో పెద్దాయన బీరువాని కాస్త తన మీదికి వాల్చుకున్నాడు. రెండోవాడు కింది మూల మీద కాలు ఆనించాడు. “కుడిపక్క... ఆఁ... ఎడం... ఆఁ... మెల్లిగా...” అంటూ ఒక మూల మీద తిప్పి, ఇంకో మూల మీద తిప్పి, పెళ్ళికూతుర్ని పీటల మీదికి నడిపించినట్టు నడిపించుకుపోయారు. గడప దగ్గర ఒక గోనెసంచి పరిచారు. ఎనిమిది నిమిషాలు.

పెద్దాయన చెమట తుడుచుకుంటూ టీవీ వైపు చూశాడు. “ఏంటి సార్ అయ్యి?”

“అవా? వందల ఏళ్ళనాటి విగ్రహాలు. అంతంత బరువుల్ని ఎలా కదిపారో ఎవరికీ అంతుపట్టడం లేదు” అన్నాను గంభీరంగా.

ఆయన కాసేపు చూశాడు. “అడుగున గుండ్రంగానే ఉంది గదా సార్. ఊపుకుంటా పోతే అదే పోద్ది” అని, మూడొందలు పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం నేను ఆశ్చర్యపోలేకపోయాను.

ఇలాంటప్పుడే గ్రహాంతరవాసులు ఆదుకుంటారు. ఆకాశం నుంచి దిగినవాళ్ళే ఈ విగ్రహాల వెనక ఉన్నారని ఎరిక్ ఫాన్ డానికెన్ అనే స్విస్ రచయిత 1968లో పుస్తకం రాస్తే, 1970లో దాన్ని డాక్యుమెంటరీగా తీశారు. అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. డాక్యుమెంటరీ విభాగంలోనే. న్యాయంగా చెప్పాలంటే ఆ ద్వీపానికీ అంతరిక్షానికీ సంబంధం లేకపోలేదు. స్పేస్ షటిల్ ఎప్పుడైనా దారి తప్పితే అత్యవసరంగా దిగడానికని 1980లలో నాసా అక్కడి రన్‌వేని పొడిగించింది. షటిల్ ఏనాడూ అక్కడ దిగలేదు. ఇప్పుడు దాని మీద సాంటియాగో నుంచి వచ్చే విమానాలు దిగుతాయి, టోపీలు పెట్టుకున్న పర్యాటకులతో.

మనవాళ్ళు నొచ్చుకోకూడదు కాబట్టి ఒక మాట. ఆ ద్వీపపు చెక్కపలకల మీద రొంగోరొంగో అనే లిపి ఉంది, ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. అది అచ్చం మన సింధు లిపేనని 1932లోనే హెవెసీ అనే హంగరీ ఆయన ప్రకటించాడు. రెంటికీ మధ్య వేల ఏళ్ళు, సగం భూగోళం అడ్డున్నాయి. వాట్సాప్ అప్పటికి లేకపోవడం వల్ల ఆయనకు రావలసినంత పేరు రాలేదు.

కథాచిత్రాల దగ్గరకొద్దాం. 1994లో కెవిన్ కాస్ట్నర్ నిర్మాతల్లో ఒకడిగా, కెవిన్ రేనాల్డ్స్ దర్శకుడిగా, ద్వీపం పేరే పెట్టి, ద్వీపంలోనే, ద్వీపవాసులనే గుంపులో నిలబెట్టి ఒక భారీ సినిమా తీశారు. ఖర్చు సుమారు రెండు కోట్ల డాలర్లు. అమెరికాలో వసూలైంది మూడు లక్షల చిల్లర. విగ్రహాలు చెక్కిన కాలాన్నీ, ఆ తరవాతెప్పుడో పక్క దీవికి ఈదుకెళ్ళి పక్షి గుడ్డు తెచ్చినవాడి యజమానిని ద్వీపానికి పెద్దగా ఎన్నుకున్న కాలాన్నీ ఒకే వారంలో ఇరికించారు. మహాభారతంలో బొబ్బిలి యుద్ధం కలిపినట్టు. చివర్లో రాజుగారు తేలుకుంటూ వచ్చిన మంచుకొండని దేవతలు పంపిన తెల్ల పడవ అనుకుని ఎక్కి వెళ్ళిపోతాడు. నాకు చాలా నచ్చిన ఘట్టం. నిర్మాత కూడా అదే ఎక్కి వెళ్ళిపోయి ఉంటే బాగుండేది.

సినిమాలైనా డాక్యుమెంటరీలైనా అందరికీ ఇష్టమైన దృశ్యం ఇంకోటుంది. చివరి చెట్టు. విగ్రహాల పిచ్చిలో చెట్లన్నీ నరికేసుకుని, తిండిలేక, ఒకళ్ళనొకళ్ళు చంపుకుని, తమంతట తామే నాశనమయ్యారని కథ. పర్యావరణ దినోత్సవం రోజు ఉపన్యాసానికి దీన్ని మించింది లేదు. చెట్లు పోయిన మాట నిజం. కానీ 2024లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పదిహేను మంది పూర్వీకుల ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి చూస్తే, జనాభా అలా కుప్పకూలిన జాడే లేదట. 1860ల దాకా మెల్లగా పెరుగుతూనే వచ్చారట. రపా నుయి వాళ్ళు బతికుండి పాడుచేసింది చాలక, పూర్వీకుల ఎముకలు కూడా మన మీద సాక్ష్యం చెప్పడం ఏం మర్యాద?

1860ల దాకా అన్నారు కదా. ఆ తరవాత ఏమైందో కూడా చెప్పేస్తాను, ఎలాగూ ఏ డ్రోనూ చూపించదు. ఆ ద్వీపానికి పైవాళ్ళు రాలేదని నేననను. వచ్చారు. 1862 డిసెంబరులో. ఆకాశం నుంచి కాదు, పెరూ నుంచి ఓడల్లో. మనుషుల్ని ఎత్తుకుపోయారు. అచ్చం సినిమాల్లోలాగే. దాదాపు 1,500 మందిని కూలికీ బానిసత్వానికీ పట్టుకెళ్ళారు. అందులో చాలామంది అక్కడే పోయారు. గొడవై తిరిగి పంపితే, ఏ కొద్దిమందో ప్రాణాలతో ఇల్లు చేరారు, మశూచిని వెంటబెట్టుకుని. 1877లో లెక్కపెడితే ద్వీపం మొత్తానికి మిగిలింది 111 మంది. మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి భోజనాలకి అంతకన్నా ఎక్కువ విస్తళ్ళు లేస్తాయి.

1888లో చిలీ కలుపుకుంది. కలుపుకుని గొర్రెల కంపెనీకి కౌలుకిచ్చింది. 1953 దాకా ద్వీపంలో గొర్రెలు హాయిగా తిరిగాయి, మనుషులు హంగా రోవా అనే ఒక్క ఊళ్ళో గోడ లోపల ఉన్నారు. చిలీ పౌరులుగా వాళ్ళకి పూర్తి హక్కులు వచ్చింది 1966లో. ఇందులో మిస్టరీ ఏముంది చెప్పండి? ఎవరు చేశారో తెలుసు, ఎప్పుడో తెలుసు, ఎందుకో తెలుసు. డప్పు ఎక్కడ కొడతారు?

ఎలా కదిపారన్న ప్రశ్నకి కాగితాలతో సహా జవాబున్న విగ్రహం ఒకటుంది. పేరు హోవా హకననాయియా. 1868లో బ్రిటిష్ నౌకాదళం ఓడ మీద కదిపింది. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ పేరుకి ‘దొంగిలించిన నేస్తం’ అని అర్థం చెబుతారు. 2018లో ద్వీపం గవర్నరే లండన్ వెళ్ళి ఇచ్చేయమని కన్నీళ్ళతో అడిగింది. ఇవ్వలేదు. ఇటు 2006 నాటి ఒక హాలీవుడ్ కామెడీలో న్యూయార్క్ మ్యూజియంలోని మోఆయ్ రాత్రిపూట ప్రాణం పోసుకుని బబుల్‌గమ్ అడుగుతుంది. దానికి మాత్రం ఇస్తారు.

ఇక ఈ వృత్తికే తలవంపులు తెచ్చిన కార్యక్రమం ఒకటి జపాన్‌లో వచ్చింది. టోంగరికీ అనే చోట పదిహేను విగ్రహాలు ఎప్పుడో పడిపోయి ఉంటే, 1960లో చిలీ భూకంపం తెచ్చిన సునామీ వాటిని లోపలికి చెల్లాచెదురుగా విసిరేసింది. అప్పటి గవర్నరు సెర్జియో రపు, అక్కడివాడే, పురావస్తు శాస్త్రజ్ఞుడు. విగ్రహాలకి పగడపురాయి కళ్ళుండేవని 1978లో బయటపెట్టిన తవ్వకాలు ఆయనవే. క్రేన్ ఒకటుంటే నిలబెట్టుకుంటామని ఆయన జపాన్ టీవీలో అన్నాడు. తదానో అనే క్రేన్ల కంపెనీ ఉద్యోగి ఒకాయన ఇంట్లో కూర్చుని అది చూశాడు. చూసి ఆశ్చర్యపోయి ఊరుకోవాలి కదా? ఆఫీసులో చెప్పాడు. కంపెనీ క్రేన్ పంపింది. 1990లలో పదిహేనూ లేచి నిలబడ్డాయి. టీవీ చూసి పని చేయడమా! మన ప్రేక్షకుల్లో ఇంత క్రమశిక్షణారాహిత్యం నేనెరగను.

ఆ గవర్నరుగారి అబ్బాయి కూడా సినిమా తీశాడు, 2018లో. అందులో పర్యాటకులు వదిలిన చెత్త ఎక్కడ పోయాలన్న బెంగ ఉంది, పెరిగిన కార్లున్నాయి, పిల్లలకి సంగీతం బడి కట్టుకున్నవాళ్ళున్నారు. ద్వీపం అంటే వాళ్ళ ఊరు అన్నట్టు తీశాడు. నూతిలోంచి వచ్చే గొంతు లేదు.

అన్నట్టు, ప్రతి డాక్యుమెంటరీ మొదట్లో, యుగయుగాలుగా సూర్యుడి ముందు చలించక నిలబడ్డాయని చూపించే పదిహేను విగ్రహాలు ఈ టోంగరికీవే. అంటే వాటికన్నా మా బీరువాయే ముందు నుంచి నిలబడి ఉంది.

నిన్న పొద్దున దాన్ని తూర్పు కిటికీ దగ్గర పెట్టించాను. మళ్ళీ ఆ ఇద్దర్నే పిలవాల్సి వచ్చింది. ఇంకో మూడొందలు. ఆరుంబావుకి సూర్యుడు దాని భుజం మీదుగా వచ్చాడు. ఫోన్‌లో తీశాను, డప్పులు కలుపుతున్నాను.