పిక్క మీద సుంకం

పలాసలో జీడి ఫ్యాక్టరీ నడిపే మేనమామకూ, ఢిల్లీ ఉద్యోగానికి చదువుతున్న మేనకోడలికీ మధ్య జరిగిన వాదన ఇది. నా మొగ్గు అమ్మాయి వైపే. అయినా మామయ్య ప్రశ్నల్లో ఒకటి రెండింటికి నాకూ జవాబు తోచలేదు.

మామయ్య: ఎమ్మే ఎకనామిక్స్ చదివావు. గ్రూప్స్ రాస్తే మన రాష్ట్రంలోనే ఉంటావు. ఈ ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఏమిటమ్మడూ? కాశీబుగ్గలో ఆ పేరు విన్నవాడే లేడు.

మేనకోడలు: 1961లో కేంద్రం ఆర్థిక నిపుణుల కోసం పెట్టిన సర్వీసు మామయ్యా. పరీక్ష యూపీఎస్సీదే. ఆర్థిక, వ్యవసాయ, వాణిజ్య శాఖలు, ఎక్కడైనా వేస్తారు. నాకు వాణిజ్యం కావాలి.

మామయ్య: వాళ్ల లెక్కలు చూశాంలే. దిగుమతి సుంకమే లేని జీడిపిక్కల మీద, అదే పెంకు తీయని గింజల మీద, 2016 బడ్జెట్‌లో 5 శాతం వేశారు. 2018లో 2.5కి దించారు. ఆఫ్రికా పిక్క రాకపోతే మన బాయిలర్లు ఏడాది పొడవునా నడవవని తెలీదా? ఆ రెండేళ్లూ కట్టింది మేం. ఆ కాగితం రాసినవాళ్ల జీతంలో రూపాయి తగ్గిందా?

మేనకోడలు: తగ్గలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ సుంకం ఎత్తేయమని ఫ్యాక్టరీ వాళ్ల మీటింగులో చెయ్యెత్తింది నువ్వు. ఉద్దానంలో మన తోట పిక్కలు అమ్మేటప్పుడు, బయటి సరుకు దిగి రేటు పడిపోయిందని తిట్టిందీ నువ్వే. ఫ్యాక్టరీకి చవక పిక్క కావాలి, తోటకు 80 కిలోల బస్తా మీద మంచి ధర కావాలి. జీడికి కేంద్రం మద్దతు ధర లేదు. సుంకం ఎంత ఉంటే రైతుకు ఎంత చేరుతుంది, పప్పు ఒలిచే ఆడవాళ్లకు ఎన్ని రోజుల పని పోతుంది, ఇది ముందే లెక్కగట్టి మంత్రి ముందు పెట్టాలి. నేను చేద్దామనుకున్న పని అదే. పప్పు ఎగుమతుల్లో వియత్నాం మనల్ని 2006లోనే దాటిపోయింది. వాళ్లూ ఆఫ్రికా పిక్కే కొంటారు, కానీ యంత్రాలతో ఒలుస్తారు. మనమూ రాత్రికి రాత్రి యంత్రాలు దించితే ఈ ఆడవాళ్లు ఏమైపోవాలి? పెంకులోని జీడి రసం అంటి వాళ్ల చేతులు పొక్కడం చిన్నప్పటినుంచీ చూశాను. అది చూసినవాళ్లు ఒక్కరైనా ఆ ఫైలు ముందు కూర్చోవద్దా?

మామయ్య: 2018లో తిత్లీ తుఫానుకి ఆ తోటంతా పడిపోయినప్పుడు ఎక్కడ కూర్చున్నావు? విశాఖ హాస్టల్లో! చెట్లు నరికి ఎత్తింది మేం.

మేనకోడలు: ఫోన్లు కలవలేదు. దారి లేదు. ఐదో రోజుకి వచ్చాను, అత్తనడుగు.

మామయ్య: ఐదో రోజుకి!

మేనకోడలు: ఏడేళ్లుగా ఇదే మాట.

మామయ్య: అంటాను. సరే, పశువుల దాణా పేరుతో విదేశీ పప్పు దించుతున్నారని మొత్తుకున్నాం. ఎవరు విన్నారు?

మేనకోడలు: కొంత విన్నారు. విరగని గుండు పప్పు కిలో 720, ముక్క పప్పు 680 రూపాయల లోపు ధరకు దిగుమతి చేసుకోకూడదని 2019 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చారు.

మామయ్య: పేరు మార్చి తెచ్చేవాడికి ఆ ధర అడ్డమా? నువ్వూ నోటు రాస్తావు. ఎన్నికలొస్తే పక్కన పడేస్తారు.

మేనకోడలు: పడేస్తారు, చాలాసార్లు. ఫైల్లో లెక్కే లేకపోతే మాత్రం రేపు ఎవరినీ నిలదీయలేం. సుంకం 5 శాతం ఉన్న ఆ రెండేళ్ల కొనుగోలు పుస్తకం ఉందా? ఏ నెలలో ఎంత పిక్క కొన్నావో, ఎన్ని రోజులు పని పెట్టావో చూడాలి.

మామయ్య: బీరువా పైఅరలో ఉంది. తాళం అత్త దగ్గర.